అచ్చులో పుట్టిన పులి

నజ్మా, దోహా
ఖతర్, 17 జనవరి 2025

మొర్రిగూడ ఊరంతటికీ ఆపా అయిన మా ఆపాకు, ఆ ఊరి పేరు చెప్పుకొని ఇక్కడ కాలరెగరేస్తున్న తమ్ముడు ఫరీదుద్దీన్ సలాం.

నేను క్షేమం. మీ ఆయన, అదే మా దూలాభాయ్, మోకాలు ఎలా ఉందో రాయి. ఫోన్ చేద్దామంటే మన ఊళ్ళో సిగ్నల్ లేదు, సిగ్నల్ కోసం నువ్వు జొన్నచేను మంచె ఎక్కనంటావు. కాబట్టి ఎప్పటిలాగే ఉత్తరం రాసి, ఫొటో తీసి, మండలం బజారులో దస్తగిరి ఫోనుకు పంపుతున్నాను. అతను తన జిరాక్స్ షాపులో అచ్చు తీసి ఆటోలో నీకు చేరుస్తాడు. నీ జవాబు కూడా ఆ దారినే రానీ. మధ్యలో అతను చదువుతాడని నాకు తెలుసు. దస్తగిరీ, నీకు కూడా సలాం.

ఇక సంగతి ఏమిటంటే, నేను రచయితనయ్యాను. నవ్వితే నవ్వావు గాని పూర్తిగా చదువు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఈ ఏటి సంచికలో ఒక్కొక్కరి సొంత ప్రాంతం గురించి వ్యాసాలు వేస్తున్నారు. భౌగోళికం, చరిత్ర, ఆర్థికం అన్నీ ఉండాలట. సంఘానికి పెద్ద రామకృష్ణారావు గారు. కాకినాడ వైపు మనిషి, మా కంపెనీలో పెద్ద ఇంజనీరు. మెసైమీర్ సైటు ఆఫీసులో ఆయన గీయించిన డ్రాయింగులకు నెంబర్లు వేసి ఫైళ్ళలో పెట్టడం నా డ్యూటీ. ఇన్నేళ్ళలో ఆయన నాతో "ఏమండీ, ఆ ఫైలు" అని తప్ప మరో మాట మాట్లాడి ఎరుగరు. మొన్న కరక్ చాయ్ తాగుతూ ఏదో మాటల్లో నేను మాది అడవి అన్నాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. "అడవా? నిజం అడవేనా అండీ?" అంటూ పక్కన కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నారు. ఆపా, ఆ కుర్చీలో కూర్చున్నాక నిజం చెప్పడం నా వల్ల కాలేదు.

నా అడవి జ్ఞానం నీకు తెలియనిది కాదు. ఏడో తరగతికే హాస్టలుకు పోయినవాణ్ణి. అడవి నాకు బస్సు కిటికీలోంచి కనిపించినంతే, అదీ కిటికీ పక్క సీటు దొరికితే. జలగంటే భయం, తేలంటే భయం, ఇప్పపువ్వు వాసనకు తలనొప్పి. అయినా రాశాను. మన వాగు మీద జలపాతం ఉందన్నాను. మన దాదా గురించి, మా తాతగారు నిజాం ప్రభువుతో చేయి కలిపారన్నాను. తునికాకు మా పచ్చబంగారం అన్నాను. చివర్లో ఊపు ఆగక, పొద్దుగూకే వేళ మా ఇంటి గడపలో నిలబడితే వాగులో నీళ్ళు తాగే పులి కనిపిస్తుందని రాశాను. వ్యాసం అచ్చయింది. దాని కాపీ ఒకటి జత చేస్తున్నాను. తప్పులుంటే చెప్పు, దిద్దుకోవడం ఎలాగూ కుదరదు గాని తెలుసుకొని ఉంటాను.

పేరు కింద "అడవి బిడ్డ" అని వేసుకున్న
నీ తమ్ముడు ఫరీద్


మొర్రిగూడ
5 ఫిబ్రవరి 2025

తమ్ముడు ఫరీదుకు ఆపా దువా.

వ్యాసం అందింది. మీ దూలాభాయ్ పైకి చదువుతుంటే నేను చింతపండు గింజ తీస్తూ విన్నాను. మధ్యలో ఇది ఏ ఊరి సంగతి అని అడిగాను. ఆయన మళ్ళీ మొదటి నుంచి చూసి, మనదేనట అన్నాడు. మోకాలు అట్లనే ఉంది. నాదీ పట్టుకుంది. భార్యాభర్తలం ఒకళ్ళను చూసి ఒకళ్ళం కుంటుతున్నాం.

నువ్వు జలపాతం అన్నది వాగు మీది చెక్‌డ్యాం. కుడివైపు గండి పడి నీళ్ళు అందులోంచి దూకుతాయి. మరమ్మతు చేయండి మహాప్రభో అని సర్పంచ్ అర్జీల మీద అర్జీలు పెడుతుంటే నువ్వు దానికి అందం అని పేరు పెట్టావు. దాదా నిజాంతో చేయి కలపలేదు. ఆయన జంగ్లాత్ చౌకీదారు. నరికిన టేకు దుంగల మీద సుత్తితో సర్కారు ముద్ర కొట్టేవాడు. జీవితమంతా ఆయన చేయి కలిపింది ఆ సుత్తితోనే. నిజాం పోయి కొత్త సర్కారు వచ్చినా దుంగలు పొయ్యే తొవ్వ మారలే, ముద్ర ఒక్కటే మారింది అనేవాడు. అది రాసి ఉంటే బాగుండేది.

ఆర్థికం దగ్గర తునికాకును ఒక్క ముక్కలో తేల్చి పులి దగ్గరికి ఉరికావు. మన మండలం ఎట్లా బతుకుతుందో నన్నడిగితే చెప్పేదాన్ని. మార్చిలో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు, వానలకు పత్తి, చలికి కందులు, ఏడాది పొడుగునా దుబాయ్. నువ్వుండేది ఖతర్ అని నేను ఎంత మొత్తుకున్నా మన కల్లానికి ఆకు తెచ్చే జంగుబాయి ఒప్పుకోదు. "గా దేశమంత దుబాయే గదా ఆపా" అంటుంది.

పులి దాదా కాలంలో ఉండేదట. ఇప్పుడున్నవి కోతులు. నిరుడు లచ్చన్న మేకను చిరుత తిన్నదని కొందరు, దుమ్ములగొండి తిన్నదని కొందరు అన్నారు. లచ్చన్నే అమ్ముకున్నాడని ఎక్కువ మంది అన్నారు.

అంత పెద్ద వ్యాసంలో నా పేరు ఎక్కడా లేదు. మంచి పని చేశావు.

తునికి పొదల కొమ్మ కొట్టించే రోజులు దగ్గర పడ్డాయి. ఇప్పుడు కొడితేనే ఎండాకాలానికి లేత ఆకు వస్తుంది. కల్లేదారు అన్న పేరు మీ దూలాభాయ్‌ది. ఆకు కట్టలు చూసి తీసుకోవడం, కల్లంలో ఆరబెట్టించడం, ఆడవాళ్ళతో తిట్లు తినడం నా పని. దస్తగిరి నీ వ్యాసాన్ని షాపు గోడకు అంటించాడు. ఆధార్ జిరాక్స్‌కు వచ్చినవాళ్ళంతా పులిని చదివి పోతున్నారు.

నీ ఆపా
తహెరున్నీసా


నజ్మా, దోహా
6 మార్చి 2025

ఆపాకు రంజాన్ ముబారక్.

ఇక్కడ డ్యూటీ గంటలు తగ్గించారు. ఇఫ్తారుకు మా గది ముందు నిజామాబాద్ ఇక్బాల్ హలీం వండుతున్నాడు. అది హలీమో గోడకు పూసే సున్నమో తెలియక అందరం బిస్మిల్లా అని కళ్ళు మూసుకొని తింటున్నాం.

నీ ఉత్తరం చదివాను. అందులో అలక నాకు అర్థం కాకపోలేదు. "నా పేరు ఎక్కడా లేదు, మంచి పని చేశావు" అన్నావు. నేను నీ తమ్ముణ్ణి, ఆ మాట వెనక మాట వినిపించదా? నిన్ను మరిచిపోయినందుకు సిగ్గుపడ్డాను. ఆ లోటు తీర్చేశాను కూడా. ఎలాగో చెబుతాను, ముందు కూర్చో.

రామకృష్ణారావు గారు నా వ్యాసాన్ని హైదరాబాదులో తెలిసినవాళ్ళకు పంపారు. వాళ్ళు ఒక దినపత్రికకు ఇచ్చారు. పత్రిక వాళ్ళు నాకు ఫోన్ చేసి, పులిని స్వయంగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను ఒక్క క్షణం ఆలోచించి, మా ఆపా తహెరున్నీసా బేగం కళ్ళారా చూసింది, ఒకసారి కాదు ఎన్నోసార్లు అన్నాను. నీ పేరు జిల్లా పేజీలో లావు అక్షరాల్లో వచ్చింది. పక్కన ఎక్కడిదో పులి బొమ్మ వేశారు. ఆ పులి మోకాలెత్తు పచ్చగడ్డిలో నిలబడి ఉంది. మన వాగు పక్కన ఆ గడ్డి మొలవదని నాకే అనుమానం వచ్చింది, కాని చదివేవాళ్ళకు తెలియదు కదా.

నువ్వు రాసిన సుత్తి, కందులు, గండి అన్నీ నిజమే కావచ్చు. అడవి అని చెప్పి కందులు చూపిస్తే జనం ఏమంటారు? పెళ్ళి భోజనానికి పిలిచి పచ్చిపులుసు పోసినట్టుంటుంది.

నన్ను సంఘానికి సహాయ కార్యదర్శిని చేశారు. సహాయం చేయడానికి అసలు కార్యదర్శికే పనేమీ లేదు, అయినా ముషైరిబ్‌లో జరిగే మీటింగుల్లో ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. గదిలో ఇక్బాల్ నన్ను పులి సాబ్ అంటున్నాడు. బల్లి కనబడితే వాడి మంచం ఎక్కేది నేనేనని బయట చెప్పకుండా దాచినందుకు వాడికి రెండు పూటలు గిన్నెలు కడిగాను.

ఇప్పుడైనా అలక తీరిందా?

నీ ప్రఖ్యాత తమ్ముడు
ఫరీద్


మొర్రిగూడ
4 ఏప్రిల్ 2025

ఫరీదుకు.

ఈద్ మర్నాడు మన ఇంటి ముందు జీపు ఆగింది. పండక్కి వచ్చినవాళ్ళనుకొని గిన్నెల్లో షీర్ ఖుర్మా పోసి తీసుకుపోయాను. ఫారెస్టోళ్ళు. వాళ్ళ చేతిలో పేపరు ముక్క, అందులో నా పేరు. రేంజరమ్మ చిన్న వయసు పిల్ల. ఖుర్మా తాగి, మూతి తుడుచుకొని, మర్యాదగా అడిగింది.

"అమ్మా, పులిని ఏ యాళ్ల జూసిన్రు?"

"నేను జూడలే బిడ్డా. నా తమ్ముడు ఉత్తగ రాసిండు."

"మీకు కల్లం ఉన్నది గదా. పులి ఉన్నదంటే ఆకు బందయితదని దాస్తున్నరు."

ఇంకేం చెప్పను? మీ దూలాభాయ్ చెప్పాడు, సర్పంచ్ చెప్పాడు. జంగుబాయి అయితే తన కోళ్ళ మీద ఒట్టు పెట్టింది. ఊళ్ళో నా మాట ఎవరూ కాదనరు, ఆపా చూడలేదంటే చూడలేదంతే. కాని పేపర్లో పడ్డదాని ముందు ఊరి మాట నిలవలేదు. వాళ్ళు వాగు పొడుగునా చెట్లకు కెమెరాలు కట్టారు. వాటిల్లో ఏముందో తేలేదాకా ఎవరూ అడవిలోకి పోవద్దు, అప్పటిదాకా మన కల్లం తెరవొద్దు అన్నారు. ఆ పిల్లను అనడానికి లేదు. పులి ఉందని తెలిసి ఆడవాళ్ళను ఆకుకు పంపి, రేపు ఏమన్నా అయితే ఆమె మెడకే కదా చుట్టుకునేది.

నీకు తెలియదేమో, తెలుసుకో. ఆకు మన కోసం ఆగదు. ఇంకో రెండు వారాల్లో లేతగా చేతికి వస్తుంది. ముదిరితే బీడీ చుట్టడానికి పనికిరాదు. కల్లంలో ఉండగా వాన పడిందంటే మచ్చలు పడి అంతా పారపోయడమే. ఈ ఊళ్ళో మగవాళ్ళ చేతికి పత్తి పైసలొస్తాయి, అవి అప్పులకు పోతాయి. ఆడవాళ్ళు తమ చేతితో తీసుకునేది ఆకు పైసలొక్కటే. జంగుబాయి బిడ్డ నర్సు చదువు మానేసేదీ మానకపోయేదీ దాని మీదే ఉంది. వాళ్ళు పొద్దున వచ్చి మన అరుగు మీద కూర్చుంటున్నారు. నన్నేమీ అనడం లేదు. అంటే బాగుండు, నేనూ రెండు అనేదాన్ని.

నాకు అలక లేదు. నా పేరు లేకపోవడం నిజంగానే మంచిదని రాశాను. నేను ఉన్నదున్నట్టు రాస్తాను, నువ్వు లేనిది చదువుతావు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. పులి అబద్ధం, రాసింది నేను, అని నీ పేరుతో రాయి. అది ఆ పేపర్లోనే రావాలి. దస్తగిరి షాపు పక్కన పులి టీ స్టాల్ పెట్టాడు. దస్తగిరీ, ఇది చదువుతున్నావని తెలుసు, నీకు సిగ్గుండాలి.

ఆపా


నజ్మా, దోహా
11 ఏప్రిల్ 2025

ఆపాకు.

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. అయితే భయపడకు, నీ తమ్ముడు బుర్ర ఉపయోగించాడు.

అబద్ధమని నేరుగా ఎలా రాయను చెప్పు. రామకృష్ణారావు గారి కుటుంబం వేసవి సెలవులకు మన ఊరు వస్తామని టిక్కెట్లు కొన్నారు. ఆయన భార్య ఇందిరాదేవి గారు దూరం చూసే అద్దాలు కొన్నారు, మెడలో వేసుకొనే కూరగాయలకు వెళ్తున్నారట. ఇప్పుడు పోయి ఆమెకు కోతులను చూపించనా? పైగా ఆపా, ఈ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచేది గేటు దగ్గర నా బతాకా కార్డు చూసే సెక్యూరిటీ వాడు, ఇక్బాల్, ఈ సంఘం వాళ్ళు. అంతే. మొన్న ఆఫీసులో రావుగారు కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేస్తూ "మన ఫరీదుద్దీన్ గారు" అన్నారు. గారు అన్నారు ఆపా. ఆ గారు ఊడితే నాకు మిగిలేది ఫైలు నెంబరే.

అందుకని పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక దారి చూశాను. పత్రికకు ఒక వివరణ పంపాను. ఎండలు ముదిరి మా వాగు ఎండిపోవడంతో పులి నీళ్ళు వెతుక్కుంటూ పక్కనున్న కొత్తకుంట మండలం వైపు వెళ్ళిపోయి ఉండవచ్చు అని రాశాను. వేశారు కూడా. ఇక మన ఊళ్ళో పులి లేనట్టే. రేంజరమ్మ కెమెరాలు విప్పుకుంటుంది, నువ్వు కల్లం తెరుచుకుంటావు, నా కుర్చీ నాకుంటుంది. ఇక్కడివాళ్ళన్నట్టు మాఫీ ముష్కిల్, ఏ చిక్కూ లేదు.

తెలివి తక్కువేమీ లేని
నీ ఫరీద్


మొర్రిగూడ
19 ఏప్రిల్ 2025

ఫరీదూ.

కొత్తకుంట వాళ్ళు ట్రాక్టరు వేసుకొని వచ్చారు. "మీ ఆకు కోసం మా దిక్కు పులిని తోల్తరా?" అని మన వాకిట్లో నిలబడి అడిగారు. వాళ్ళ కల్లం కూడా ఆపారట. మన దగ్గర కెమెరాలు విప్పలేదు. పులి తిరిగి వచ్చే దారి చూడాలని ఇంకో నాలుగు కట్టారు. మొన్నటిదాకా ఒక ఊరి ఆడవాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు, ఇప్పుడు రెండు ఊళ్ళ వాళ్ళకు నీళ్ళిస్తున్నాను. ట్రాక్టరు వాళ్ళ ముందు నాకు నవ్వొచ్చింది. అంత కోపంలో నవ్వొస్తుందని నాకు ఇప్పటిదాకా తెలియదు. పిచ్చిదనుకొని కాస్త వెనక్కి జరిగారు, అదొక్కటే లాభం.

ఆకు చేతికొచ్చింది. నిన్న ఇంటి వెనక పొద దగ్గర ఒకటి తెంపి చూశాను. పట్టులాగా ఉంది. ఇంకో వారం ఆగితే ముదురుతుంది.

ఒక మాట అడుగుతాను. హాస్టల్లో చదివే రోజుల్లో బస్సులో ఎవరన్నా మీది ఏ ఊరు బాబూ అంటే నిర్మల్ అని చెప్పేవాడివి. నేను పక్కనే కూర్చొని వినేదాన్ని. మొర్రిగూడ అంటే నామోషీ అనుకొని ఊరుకున్నాను. ఇప్పుడు సముద్రం దాటి పోయి మాది అడవి అంటున్నావు. చెప్పుకో, సంతోషమే. కాని నీ అడవిలో పులి ఉంది, జలపాతం ఉంది, నిజాం ఉన్నాడు. మేము లేము. నాకు కష్టంగా ఉంది ఫరీదూ. పులి గురించి కాదు.

నీకు కుర్చీ కావాలంటే ఉంచుకో. నేను ఇక అడగను.

తహెరున్నీసా


నజ్మా, దోహా
26 ఏప్రిల్ 2025

ఆపాకు, కుర్చీ లేని తమ్ముడి సలాం.

నిన్న శుక్రవారం ముషైరిబ్‌లో మీటింగు. మెట్రోలో పోతూ నీ ఉత్తరం మళ్ళీ చదివాను. "మేము లేము" దగ్గర ఆగిపోయి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను. తిరిగొచ్చేసరికి అందరూ కూర్చొని ఉన్నారు. నా కుర్చీ ముందు వరసలో ఖాళీగా ఉంది. కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని నాకు తెలుసు.

నిలబడే చెప్పాను. పులి లేదండీ అన్నాను. కొత్తకుంటకు పోయిందటగా అన్నారెవరో. అసలే లేదు, నేనే పుట్టించాను అన్నాను. ఇందిరాదేవి గారు మెల్లగా అడిగారు.

"మరి జలపాతం బాబూ?"

"గండి పడ్డ చెక్‌డ్యాం అండీ."

"నిజాం?"

"సుత్తి అండీ."

వెనక వరసలో ఇక్బాల్ ఒక్కడే గట్టిగా నవ్వాడు. వాడికి తర్వాత చెబుతాను. సహాయ కార్యదర్శి పదవి ఖలాస్. ఈరోజు ఆఫీసులో రావుగారు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏమండీ, ఆ ఫైలు" అన్నారు. ఇచ్చాను. బాధ వేసింది. లేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

పత్రికకు, రేంజ్ ఆఫీసుకు నా సంతకంతో కింది ముక్క పంపాను. అబద్ధమాడిన మనిషి నేనేనని గుర్తింపుకు పాస్‌పోర్టు జిరాక్స్ జత చేశాను. దస్తగిరీ, నీ టీ స్టాల్ పోతుంది, మన్నించు. ఈ కాగితాన్ని ఇవాళే రేంజరమ్మ చేతికి ఇవ్వు, నీకు దండం పెడతాను.

"మొర్రిగూడ పులిని రాసింది నేను. నేను పులిని హైదరాబాదు జూలో ఒకసారి చూశాను, అదీ ముందు నిలబడ్డ లావుపాటి మనిషి పక్కకు జరిగినప్పుడు. మా ఆపా ఏ పులినీ చూడలేదు. కొత్తకుంట వాళ్ళకు దీనితో ఏ సంబంధమూ లేదు.

మా మండలం మూడు దిక్కుల టేకు అడవి, నాలుగో దిక్కు గుంతల రోడ్డు. మధ్యలో వాగు. వానాకాలంలో అది ఊళ్ళను విడదీస్తుంది, ఎండాకాలంలో ఆడవాళ్ళు దాని ఇసుకలో చెలిమలు తవ్వి నీళ్ళు తోడుకుంటారు. మా చరిత్రలో రాజులు లేరు. మా తాత టేకు దుంగల మీద ముద్ర కొట్టాడు. ఆ దుంగలతో ఎవరి మేడలకు తలుపులయ్యాయో ఆయనకు తెలియదు, మా ఇంటికి మాత్రం తడిక ఉండేది. మా ఆర్థికం ఆడవాళ్ళ నడుముల మీద ఉంది. వాళ్ళు ఎండ రాకముందే అడవికి పోతారు, వంగి ఆకు తెంపుతారు, ఇంటికొచ్చి కట్టలు కడతారు, సాయంత్రం కల్లంలో నిలబడతారు. ఎండాకాలంలో ఆ కొన్ని రోజులు తప్పితే ఏడాది తప్పినట్టే. నేను ఈ సంగతి వ్యాసంలో రాయలేదు. ఎందుకంటే నాకు తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు. దయచేసి కల్లం తెరవనివ్వండి."

ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది ఆపా. ఇక్బాల్ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు, కాబట్టి పరువు దక్కింది.

నీ తమ్ముడు
మొర్రిగూడ ఫరీద్


మొర్రిగూడ
4 జూన్ 2025

నా తమ్ముడు ఫరీదుకు ఆపా ఎన్నో దువాలు.

ఈ ఉత్తరం దస్తగిరి చేతికి పోలేదు. వెనకింటి జహాంగీర్ సెలవు అయిపోయి మీ దోహాకే వస్తున్నాడు, అతనితో పంపుతున్నాను. కవరును అన్నం మెతుకులతో అంటించి కారప్పొడి డబ్బా అడుగున పెట్టాను. తుమ్ముతూ చదువుకో.

నువ్వు రాసింది పేపర్లో వచ్చింది. మీ దూలాభాయ్ అరుగు మీద చదివాడు. "ఆడవాళ్ళ నడుముల మీద" అన్నచోట జంగుబాయి మళ్ళీ చదవమంది. విని, "పిలగాడు దుబాయ్ పోయి బాగుపడ్డడు" అంది. రేంజరమ్మ నీ కాగితం పట్టుకొని వచ్చి, "అమ్మా, అప్పుడే మీ మాట ఇననైతి" అని నా చేయి పట్టుకుంది. విప్పి తీసుకుపోయిన కెమెరాల్లో అడవిపందులు, కోతులు, ఇప్పసారా కాస్తున్న లచ్చన్న తప్ప ఏమీ పడలేదు. రెండు కల్లాలూ తెరిచారు. మొదటి ఆకు పోయింది, దాన్ని ఎవరూ తేలేరు. మిగిలింది రాత్రీ పగలూ లేకుండా తెంపారు. వానకు ముందే బోరాలు కుట్టి లారీ ఎక్కించాం. జంగుబాయి బిడ్డ చదువు ఆగదు.

నీ కుర్చీ పోయినందుకు నాకూ బాధగానే ఉంది. నువ్వు వస్తే మన అరుగు మీద కూర్చో. అక్కడ ఫైలు ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు మాట. లారీ పోయిన మర్నాడు పొద్దుగూకే వేళ, ఆకు మీద కప్పే తాటిపత్రి మరిచిపోతే తెద్దామని కల్లానికి ఒక్కదాన్నే పోయాను. మోకాలు నొప్పికి మెల్లగా నడుస్తున్నాను, అందుకే అడుగుల చప్పుడు లేదు. చెక్‌డ్యాం గండి కింద ఇంకా ఎండని మడుగులో అది నీళ్ళు తాగుతోంది. చిరుత కాదు, దుమ్ములగొండి కాదు. నేను పిచ్చిదాన్ని కాదు. తాగడం ఆపి తలెత్తి నన్ను చూసింది. కల్లేదారు పెళ్ళాం అని గౌరవం ఏమీ చూపలేదు. మళ్ళీ తల వంచి తాగింది. తర్వాత గట్టెక్కి, తొందర లేకుండా చెట్లలోకి పోయింది.

పక్కనున్న చెట్టును పట్టుకున్నాను. భయమే ముందు. ఆ తర్వాత ఏమయిందో తెలియదు, అక్కడే కూలబడి ఏడ్చాను. అంత బాగుంది ఫరీదూ. పులి అంత అందం ఇంకోటి లేదని దాదా చెప్పింది నిజమే, మనం ముసలాయన కోతలనుకున్నాం. తాటిపత్రి అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంటికొచ్చి, వాగు దిక్కు ఎలుగుబంటి తిరుగుతోంది, ఎవరూ ఒంటరిగా పోవద్దు, పసులను తోలవద్దు అని ఊరంతా చెప్పాను. అందరూ నమ్మారు. అది నా జీవితంలో మొదటి అబద్ధం, ఎంత సులువుగా వచ్చిందో చూసి నీ మీద కోపం కొంత తగ్గింది. పులి అంటే వచ్చే ఏడు ఆకు ఉండదు. ఆకు ఒక్కటే కాదు, వేటకు కరెంటు తీగలు పెట్టేవాళ్ళ చెవిన పడితే ఆ పులి కూడా ఉండదు. మీ దూలాభాయ్‌కు చెప్పలేదు, ఆయనకు నిద్రలో మాట్లాడే అలవాటు. జంగుబాయికి చెప్పలేదు. ఇంత పెద్దది చూసి ఎవరికీ చెప్పకుండా తిరగడం ఎంత కష్టమో, వారం నుంచి అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోతున్నాను.

నేను చెబితే ఈ ఊరు నమ్ముతుంది, ఇప్పుడు రేంజరమ్మ కూడా నమ్ముతుంది. అందుకే ఎవరికీ చెప్పలేను. నువ్వు చెబితే ఇక ఈ లోకంలో ఎవరూ నమ్మరు. అందుకే నీకొక్కడికే చెబుతున్నాను.

నీ ఆపా